గీత దాటాక

ముసలావిడ మైదానం కంచె సందులోంచి చెయ్యి చాపి అమ్మాయి మణికట్టు పట్టేసుకుంది.

పరుగు ముగించి రొప్పుతున్న అమ్మాయి కెవ్వుమంది.

"ఆగగానే అలా నిలబడిపోకు తల్లీ! నడుస్తూ ఉండు. నీ గుండెకి కళ్ళెం మరీ గట్టిది."

అమ్మాయి చెయ్యి విదిలించుకుని పారిపోయింది.

కొన్నాళ్ళుగా ఇదే వరస. ముసలావిడ ముగింపు గీతకి ఎదురుగా, కంచె అవతల నిలబడుతుంది. రెప్ప వెయ్యకుండా చూస్తుంది. పెదాలు మాత్రం కదుపుతుంది.

"నీమీద మంత్రాలు చదువుతోందే," అని స్నేహితురాళ్ళు ఆటపట్టించేవారు. అమ్మాయి పైకి నవ్వేది గానీ లోపల వణుకే.

"సార్, రేపు ఎంపిక పోటీకి ఆవిడొస్తే నేను పరిగెత్తలేను," అంది కోచ్‌తో. "పడుకుంటే నా గుండె ఆగిపోయిందేమో అనిపిస్తోంది. అంత నెమ్మదిగా కొట్టుకుంటోంది."

"పరుగు సాధన చేసేవాళ్ళ గుండె అలాగే ఉంటుంది. అది గొప్పే గానీ రోగం కాదు."

"మరి ఆవిడ?"

కోచ్ కంచెవైపు చూసి, చటుక్కున తల తిప్పుకున్నాడు.

"లోపలికి రానివ్వకండి," అని గార్డులకి చెప్పాడు.

మర్నాడు అమ్మాయి గెలిచింది.

గీత దాటి, ఉన్నచోటే నిలబడిపోయింది. స్నేహితురాళ్ళు వచ్చి మీదపడ్డారు.

ఉన్నట్టుండి చెవుల్లో గుయ్‌మంది. కాళ్ళు తనవి కానట్టున్నాయి. ఇందాకటిదాకా దడదడలాడిన గుండె ఎక్కడుందో తెలియలేదు. చచ్చిపోతున్నానని భయం వేసింది. అరుద్దామంటే నోరు పెగల్లేదు.

"పడిపోతోంది, పట్టుకోండి!"

"నిలబెట్టండే, ఫోటో తీస్తున్నారు!"

రెండు వైపులా చంకల కింద చేతులు వేసి నిలబెట్టారు. తల వాలిపోయింది.

"నిలబెట్టకండి! పడుకోబెట్టండి!"

ముసలావిడ కంచె దూకి వచ్చేసింది. అందర్నీ తోసి, అమ్మాయిని నేలమీదకి లాగి, రెండు కాళ్ళూ ఎత్తి తన భుజాలకి ఆనించుకుంది.

"పిచ్చిది! పిల్లని చంపేస్తోంది!" ఎవరో అరిచారు.

అమ్మాయి కళ్ళు తెరిచేసరికి గార్డులు ఆవిడని ఈడ్చుకుపోతున్నారు.

వైద్యుల గదిలో డాక్టరమ్మ నాడి పట్టుకుని చెప్పింది.

"ఒక్కసారిగా ఆగితే రక్తం కాళ్ళలోనే ఉండిపోతుంది. పైగా మెదడు నుంచి గుండెకి ఓ నరం వెళ్తుంది, గుండె వేగం తగ్గించేది అదే. సాధన చేసినవాళ్ళలో దాని పట్టు ఎక్కువ. అది బిగిసినప్పుడు మనిషిని నిలబెడితే మెదడుకి రక్తం అందదు. ఇంకాస్త ఆలస్యమైతే నేను చేసేదేమీ ఉండేది కాదు. ఇంతకీ కాళ్ళు ఎత్తిపట్టుకుందెవరు?"

"కంచె దగ్గరి ముసలావిడ," అంది ఓ స్నేహితురాలు.

కాస్త ఓపిక రాగానే అమ్మాయి గేటు దగ్గరికి నడిచింది. వెనకే కోచ్ వచ్చాడు.

"వెళ్ళిపోయిందమ్మా," అన్నాడు గార్డు. "అంతలా గెంటినా పల్లెత్తు మాట అనలేదు. పిల్ల లేచిందా అని అడిగింది. లేచిందన్నాం. ఇక ఈ వైపు రానంది."

అమ్మాయికి ఏడుపు తన్నుకొచ్చింది.

"ఎవరు సార్ ఆవిడ?"



"మా అక్క," అన్నాడు కోచ్. "నీలాగే గెలిచి, ఆ గీత దగ్గరే, నేను నిలబెట్టి పట్టుకుని ఉండగానే పోయిన నా మేనకోడలి తల్లి."