ఊరి మొగుళ్ళందరికీ ఒకటే రికార్డు

తేలు కుట్టిన మొగుణ్ణి భుజాన వేసుకుని చెన్నమ్మ ఆసుపత్రి యంత్రం ముందు నిలబడింది. డాక్టర్లు పోయి యంత్రాలొచ్చిన కాలమది. రికార్డు చూడందే సూది వెయ్యదు.

"రోగి పేరు?"

"మా ఆయన."

ఊళ్ళో ఏ ఆడమనిషీ మొగుడి పేరు పలకదు. అందరూ అలాగే రాయించడంతో మొగుళ్ళందరికీ కలిపి ఒకటే రికార్డయింది.

"మా ఆయన నిరుడు చనిపోయారు. శవానికి సూది వేయబడదు."

"అది సుంకులమ్మ మొగుడు నాయనా! ఈయన మూలుగుతాండాడు, ఇనపడ్లేదా?"

"అసలు పేరు చెప్పండి."

మొగుడికి అప్పటికే నాలుక మొద్దుబారింది. చెన్నమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని, కళ్ళు మూసుకుని, పెళ్ళయ్యాక మొదటిసారి అంది: "ఓబులేసు."

యంత్రం సంతోషంగా మోగింది. "కొత్త పేరు. ఇప్పుడే పుట్టారు. అభినందనలు. తేలు విషానికి సూది, తర్వాత పోలియో చుక్కలు."

సూది పడ్డాక ఓబులేసు తేరుకున్నాడు. "నన్నే పేరు పెట్టి పిలుస్తావా?" అని గద్దించబోయాడు. నోరు తెరవగానే చుక్కలు పడ్డాయి.