ఆఖరి బండ

గడ్డపార దెబ్బకు సంపత్ కార్ఖానా ముందున్న ర్యాంపు అంచు పెళ్లున ఊడింది.

చీరలు నేసే కరెంటు మగ్గాలు, సాంచాలు, ఆపేసి సంపత్ బయటికి ఉరికొచ్చాడు. మురుగు పారే మోరి పక్కన హలీమాబీ, కొంగు నడుముకు చుట్టుకుని, రెండో దెబ్బకు గడ్డపార ఎత్తుతోంది.

"బీబీ, నీకేమన్న పిచ్చి లేసిందా?"

"పిచ్చి నాకు గాదు తమ్మి. మోరి మీద ర్యాంపులు కట్టినోళ్లకు."

సిరిసిల్లలో ఆ గల్లీకి ఆమె ఎండాకాలం చివర్లో వచ్చింది. గల్లీ కొసనున్న పెంకుటింట్లో దిగి, మిషన్ మీద లంగాలు కుట్టుకుంటోంది. ఊరు కోరుట్ల అని, భర్త పోయాడని తప్ప ఆమె గురించి ఎవరికీ ఏమీ తెలియదు. తెలుసుకోవాలని ఎవరికీ లేదు కూడా. నోరు తెరిస్తే మోరి ముచ్చటే మాట్లాడే మనిషితో ఎవరు కూర్చుంటారు?

ఆ గల్లీలో గట్టి వాన పడితే నీళ్లు నేరుగా కార్ఖానాల్లోకి వస్తాయి. సాంచాల మోటార్లు కాలిపోతాయి, పడుగు చుట్టిన భీములు నానిపోతాయి. పోయినేడు మునిగిన సంపత్ సాంచాలు దసరా దాకా మూగబోయాయి. ఈసారి కూడా మునిగితే వాటిని తుక్కుకు అమ్ముకోవడమే.

అందుకే అందరిలాగే అతనూ గడప ఎత్తు చేసుకున్నాడు. పక్కవాడు ఒక వరస ఇటుకలు పెంచితే ఇతను ఇంకో వరస పెంచాడు. అంత ఎత్తుకు భీములు దొర్లించాలి కాబట్టి మోరి మీద బండలు పరిచి ర్యాంపు పోశాడు. గల్లీ మొత్తానిదీ అదే తెలివి. సాంచాల కింద ఊడ్చిన నూలు తుక్కు కూడా మోరిలోకే. మెత్తటి దారమే కదా, కొట్టుకుపోతుందిలే అనుకునేవారు.

మిగతా పాపమంతా పెంకుటింటి మీద వేసేవారు. నిజానికి అది పాత కాలువ జాగాలో కట్టిన ఇల్లే. మోరి వచ్చి దాని ప్రహరీకి కొట్టుకుని ఆగిపోతుంది. ఓనర్ ఎవడో కోరుట్లలో ఉంటాడట. వానాకాలం వస్తే చాలు, మొహమైనా చూడని ఆ మనిషికి గల్లీ అంతా కలిసి శాపనార్థాలు పెట్టేది.

సంపత్ కూడా అదే అందుకున్నాడు.

"నీళ్లను ఆపేది నువ్వుండే ఇల్లు. మీ ఓనర్‌ను ముందుగాల గోడ తీయమను."

"నువ్వు బండలు తియ్యి. గోడ సంగతి నేను జూస్త."

"కిరాయికున్నదానివి, నువ్వేం జూస్తవ్?"

ఆమె బండల సందులో గడ్డపార దూర్చి ఒక బండ లేపింది. కిందికి చెయ్యి పెట్టి లాగితే నూలు తుక్కు వచ్చింది. లాగినకొద్దీ వచ్చింది. ఎర్ర దారం, పసుపు దారం, పాలిథిన్ సంచులు, బురద అన్నీ పెనవేసుకుని పరుపంత ముద్ద బయటపడింది. చుట్టూ మూగినవాళ్లలో ఎవరు నేసిన చీరల రంగు వాళ్లు గుర్తుపట్టారు.

ఎదురు కార్ఖానా ముత్యం పోయి తన బండలు తానే తీసుకున్నాడు. మిగతావాళ్లు అంత తేలిగ్గా లొంగలేదు. హలీమాబీ ఒక్కొక్కరి ర్యాంపు మీద స్టూలు వేసుకుని కూర్చుంది. జాగా కాజేయడానికే ఈ నాటకమని తిట్టారు. ఒకావిడ కావాలనే ఆమె మీద కడుగునీళ్లు పోసింది. తడి చీరతోనే కూర్చుంది తప్ప లేవలేదు. ఒకరి తర్వాత ఒకరు విసుగెత్తి బండలు లేపారు.

సంపత్ ఒక్కడు మొండికేశాడు. ఆమెను ఖాళీ చేయించడానికి కోరుట్లలో తెలిసినవాళ్లకు ఫోన్లు చేసి ఓనర్‌ను వెతికించాడు. ఆ మాట ఆమె మొహం మీదే చెప్పాడు.

"ఓనర్ దొరికిన నాడు నీ సామాన్ బజార్ల ఉంటది."

"ఉండనీ. నీ బండ లేచేదాక నేను గీన్నుంచి కదల."

చివరికి మబ్బులు కమ్ముకున్న సాయంత్రం సంపత్ భార్య సంధ్యారాణి తనే గడ్డపార అందుకుంది. అందరి బండలూ లేచాక తమ ముంగట నీళ్లు ఆగితే గల్లీలో తలెత్తుకోలేమని మొగుడితో అంది. సంపత్ పళ్లు కొరుక్కుంటూ ఆమె చేతిలోంచి గడ్డపార లాక్కుని ఆఖరి బండ పెకలించాడు.

హలీమాబీ లేచి, స్టూలు పట్టుకుని ఇంటికి పోయింది.

మర్నాడు పొద్దున సంపత్ భీములు తేవడానికి ఊరవతలికి పోయాడు. అతను అక్కడుండగానే వాన దంచికొట్టింది. ఇక అంతా అయిపోయిందనుకుంటూ, భీములు అక్కడే వదిలేసి ఇంటికి పరుగెత్తాడు.

గల్లీ మొదట్లోనే సాంచాల చప్పుడు వినిపించింది. కార్ఖానా గడప తడవలేదు. నీళ్లన్నీ మోరి పట్టుకుని కొసకు ఉరుకుతున్నాయి. వాటి వెంటే సంపత్ కూడా ఉరికాడు.

కొసన పెంకుటిల్లు లేదు. ప్రహరీ లేదు. నిన్నటిదాకా వంటిల్లు ఉన్నచోట నుంచి నీళ్లు వాగు వైపు పోతున్నాయి. పక్కన ఆగివున్న జేసీబీలో డ్రైవర్ ఖాలిద్ చాయ్ తాగుతున్నాడు.

సంపత్‌కు కళ్లలో నీళ్లు తిరిగాయి. హలీమాబీ ఏదని అడిగాడు. ఇల్లు పడగానే మిషన్ ఆటోలో వేసుకుని పోయిందని, ఎక్కడికో చెప్పలేదని ఖాలిద్ అన్నాడు.

"పాపం, గామెను ఖాళీ చేపిచ్చినట్టున్నడు. అయినా ఓనర్ దొడ్డమనిషి. ఇన్నేండ్లు ఊకె తిట్టినం. ఆయన నంబర్ ఇయ్యి భాయ్, దండం పెట్టుకుంట," అన్నాడు సంపత్.

ఖాలిద్ అతన్ని వింతగా చూశాడు.

"ముందుగాల గోడ కూలిస్తే మీ గల్లీల ఒక్కడు బండ తియ్యడని, ఆఖరి బండ లేచినంకనే నన్ను పిలిచింది. పెనిమిటి ఇడిసిపోయిన ఆస్తి గీ ఒక్క ఇల్లే, హలీమాబీకి."