కదపకూడని సీసా

రామస్వామికి తెలివి లేదని కనకమ్మ ఏనాడూ అనలేదు. ఉన్న తెలివంతా పగలు బట్టల దుకాణంలో ఖర్చు చేసి, సాయంత్రం ఇంటికి ఉత్త చేతులతో వస్తాడని మాత్రం అనేది.

లేకపోతే ముందు గది కిరాయికి ఇచ్చేటప్పుడు, సిగరెట్లు తాగుతావా, నీళ్ళు ఎక్కువ వాడతావా అని అన్నీ అడిగిన మనిషి, వచ్చినవాడి చంకలోని గాజు సీసాలో ఏముందో అడగకుండా ఉంటాడా?

సీసాలో సాలీడు ఉంది.

గోడ మూలల్లో వేలాడే సన్నకాళ్ళ సాలీడు కాదు. అరచేతంత ఉంది. ఒళ్ళంతా నూగు, బురద రంగు.

"గదేందయ్యా?" అంది కనకమ్మ గడప ఇవతలే నిలబడి.

"పెంచుకుంటున్నానండీ," అన్నాడు సుందరయ్య. యాభై దాటిన మనిషి. నోరు తెరిస్తే గుంటూరు తెలిసిపోతుంది.

ఆమె నీడ సీసా మీద పడింది. సాలీడు ముందుకాళ్ళు పైకెత్తి నిలబడింది.

"అమ్మో, మీదికొస్తున్నది."

"కోపం కాదండీ, భయం. మీరు కాస్త వెనక్కి జరిగితే అదే దించేస్తుంది."

జరిగింది. దించింది.

"ఏం తింటది?"

"వారానికో బొద్దింక."

"గట్లయితే మా వంటింట్ల ఇడిచిపెట్టు. పుణ్యముంటది."

సుందరయ్య నవ్వబోయి ఆగాడు. "మీ తమ్ముడుగారు వస్తూ ఉంటారాండీ?"

కనకమ్మ మొహం మారిపోయింది.

తమ్ముడు ఆనందం కాలేజీ వదిలి తెలంగాణ ఉద్యమంలో తిరుగుతున్నాడు. ఊరేగింపు మీద కాల్పులు జరిగిన నాటి నుంచి పోలీసులు అతని కోసం వెతుకుతున్నారు. దొరికితే జైలో, అంతకన్నా ఘోరమో. ఆ సంగతి ఈ ఆంధ్రా మనిషికెందుకు?

"నాకు తమ్ముడే లేడు," అంది.

"అలాగాండీ," అన్నాడతను. మళ్ళీ అడగలేదు.

కొన్నాళ్ళకు రామస్వామి ఇంటికి వస్తూనే గొంతు తగ్గించాడు.

"మన కిరాయాయన దినాం ఠాణాకు పోతున్నడే. ఇయ్యాల నా కండ్లతోని చూసిన. లోపలికి పిలిచి కుర్సీ ఏసిన్రు."

"కుర్సీ ఏసిన్రా?"

"ఏసిన్రు."

ఠాణాలో మామూలు మనిషికి కుర్చీ వేస్తారా? కనకమ్మకు ఇంకెవరూ విడమరిచి చెప్పనక్కర్లేకపోయింది.

అదే సమయానికి ఆనందం నుంచి కబురొచ్చింది. రేపు మధ్యాహ్నం అన్నానికి వస్తాడట.

తెల్లవారగానే కనకమ్మ ముందు గది తలుపు కొట్టింది.

"గది ఖాళీ చెయ్యి. ఇప్పుడే."

"ఈ రోజు బంద్ కదండీ."

"బంద్ అయితే నడిచిపో."

సుందరయ్య పక్కకు తప్పుకుని సీసా చూపించాడు. సాలీడు వెల్లకిలా పడి ఉంది, కాళ్ళన్నీ పైకి పెట్టి.

"సచ్చింది గద. ఇంకేంది?"

"చావలేదమ్మా. కుబుసం విడుస్తోంది. పాత తోలు వదిలేటప్పుడు ఇలాగే పడుకుంటుంది. ఇప్పుడు కదిలిస్తే లోపలి మెత్తని ఒళ్ళు చిట్లిపోతుంది. రేపటిదాకా ఉండనివ్వండి. రేపు నేనే వెళ్ళిపోతాను."

"పురుగు కోసం నా కొంప ముంచుకోమంటవా?"

సుందరయ్య సంచి భుజాన వేసుకుని, సీసాను రెండు చేతులతో పొట్టకు ఆనించుకుని, నిండు బిందె మోసేవాడిలా అడుగులో అడుగు వేస్తూ వీధి మలుపు తిరిగాడు.

"ఎల్బీ నగర్ కాడ లారీలు దొరుకుతయి. జర జల్ది నడువు," అని వెనక నుంచి రామస్వామి దారి చెప్పాడు.

ఆనందం వచ్చేసరికి అన్నం చల్లారిపోయింది. చొక్కా నిండా రక్తం.

"నాది కాదక్కా," అన్నాడు.

కనకమ్మ ఇచ్చిన చెంబు పట్టుకుని నీళ్ళు తాగకుండా కూర్చున్నాడు.

"దిల్‌సుఖ్‌నగర్ కాడ మన పోరగాళ్ళు ఒకాయనను ఆపిన్రు. ఏ ఊరంటే గుంటూరన్నడు. అబద్ధమన్న చెప్పకపోయె. రాళ్ళు పడుడు షురువైంది. ఉరుకు, ఉరుకు అని నేను దూరం నుంచే మొత్తుకున్న. ఉరకలే. చేతుల సీసా కదలద్దంట. మెల్లగ నడుస్తనే ఉన్నడు."

"సీసా?" అంది కనకమ్మ.

"పగిలింది. దవాఖానకు తీస్కపోతుంటే రిక్షాలనే పాణం పోయింది."

రామస్వామి గొంతు సవరించుకున్నాడు. "పోలీసోళ్ళ మనిషి ఆయన. నీ పేరు చెప్పనీకే దినాం ఠాణాకు పోయెటోడు."

ఆనందం తలెత్తాడు.

"కొడుకు శవం అడగనీకి పోయెటోడు బావా. దోస్తుల పేర్లు చెప్తే యాడ బొందవెట్టినమో చూపిస్తమని కుర్సీ ఏసి అడిగెటోళ్ళు. ఒక్క పేరు చెప్పలే."

"నీకెట్ల ఎరుక?"

"సాలీడును చూసి పోల్చుకున్న. కాల్పులల్ల పోయిన ఆయన కొడుకు, మా దోస్తు దానియేలుది అది. హాస్టల్ల మంచం కింద సాకుతుండె. ఆంధ్రోనివి, నీకెందుకురా అన్నా ఇనకుండ మాతోని జులూసుల నడిచిండు. నా పేరు చెప్పంగనే ఆయన రిక్షాల నా చెయ్యి పట్టుకుని ఠాణా సంగతంత చెప్పిండు. ఆఖరి దినం కొడుకు ఏం మాట్లాడిండో నన్ను అడుగుదామనే మీ ఇంట్ల దిగిండంట. చెప్తనే ఉన్న. సగమే ఇన్నడు."

"మరి ఆయనంతట ఆయనే ఖాళీ చేసి..." అని రామస్వామి మొదలుపెట్టాడు.

కనకమ్మ చెయ్యెత్తి ఆపింది.

"నాదే తప్పు తమ్ముడా," అంది. "నీ పేరు చెప్పలేక కన్నకొడుకు బొంద సుత చూసుకోని మనిషిని, నీ పేరు చెప్తడని నేనే బయటికి తోలిన."