ఇత్తడి మెడ

కాన్పు గదిలో ఎవరో ముసలాయన కుళాయి మీదికి వంగి ఉన్నాడు.

గుమ్మంలోంచి చూసిన నర్సు తోకసాకి ఒళ్ళు మండింది. ఆమె రాజధాని సూవా నుంచి ఈ దీవి ఆసుపత్రికి వచ్చి మూడు నెలలైంది. అప్పుడే రెండు ఇత్తడి కుళాయిలు మాయమయ్యాయి. ఇక మిగిలింది ఇదే. కరెంటు లేని ఈ దీవిలో, పుట్టిన బిడ్డ గొంతుకి అడ్డంపడ్డ నీరు లాగాలంటే ఈ కుళాయికి బిగించిన గొట్టమే దిక్కు.

"ఏం చేస్తున్నావక్కడ?"

ముసలాయన తిరిగి చూశాడు. ఒక చేతిలో పానా, ఇంకో చేతిలో బొటనవేలంత ఇత్తడి గొట్టం.

"దీని మెడ అరిగిపోయింది సిస్టర్. మారుద్దామని."

"నిన్నెవరు రమ్మన్నారు?"

"ఎవరూ రమ్మనలేదండి. మెడ సన్నగా ఉంటేనే నీళ్ళు అక్కడ జోరుగా పరిగెడతాయి. అలా పరిగెడితేనే పక్కనున్న రబ్బరు గొట్టంలోంచి లాగుతాయి. అరిగి వెడల్పయిందా, ఊరికే కారిపోతాయి..."

"నాకు పాఠాలు చెప్పకు. సంచీ దులుపు."

వసారాలో కూర్చున్న ఆడవాళ్ళందరి ముందూ దులిపించింది. ఆకులో చుట్టిన ఉడికించిన కర్రపెండలం, మాసిన తువ్వాలు. అంతే.

"ముందే ఎక్కడో దాచి వచ్చుంటాడు," అంది ఒకావిడ.

అందరూ నవ్వారు. తోకసా కూడా నవ్వింది.

పానా, గొట్టం లాక్కుంది. "మళ్ళీ ఈ గడప తొక్కితే పోలీసులకి అప్పజెబుతాను."

ముసలాయన తువ్వాలు మడిచి సంచీలో పెట్టుకున్నాడు.

"గొట్టం జాగ్రత్తండి. అది ఈ గదిదే," అని రేవు వైపు నడిచాడు.

మధ్యాహ్నం, కాన్పుకి వచ్చిన మెరేయాకి కొడుకు పుట్టాడు. ఏడవలేదు. పెదాలు నీలంగా ఉన్నాయి.

తోకసా రబ్బరు గొట్టం బిడ్డ నోట్లో పెట్టి కుళాయి పూర్తిగా తిప్పింది. నీళ్ళు ధారగా పడ్డాయి. గొట్టంలోకి మాత్రం చుక్క రాలేదు. కొసకి వేలు ఆనించి చూసింది. లాగడం లేదు.

"ఏమైంది సిస్టర్? నా బిడ్డ ఏడవడేం?" అంటోంది మెరేయా.

తోకసా కుళాయి కేసి చూసింది. పాత మెడ దాని చోటే ఉంది. ఎవరూ విప్పలేదు.

మరి తను లాక్కున్నదేమిటి?

సొరుగు లాగింది. ఆ ఇత్తడి గొట్టం కొత్తది. నడుమ సూది దూరేంత సన్నం. అదే పానాతో నాలుగు తిప్పుల్లో మార్చేసింది. ఈసారి రబ్బరు గొట్టం ఆమె వేలిని గట్టిగా పట్టుకుంది. బిడ్డ గొంతులోంచి చిక్కటి నీరు సర్రున వచ్చేసింది.

బిడ్డ ఏడ్చాడు.

బిడ్డని తల్లి చేతికిచ్చి తోకసా రేవుకి పరుగెత్తింది. పడవ అప్పటికే పగడపు గట్టు దాటిపోయింది. తిరిగొచ్చేసరికి పొద్దున నవ్విన ఆడవాళ్ళు సంగతి తెలిసి తలలు దించుకుని కూర్చున్నారు. ఆమె కూడా వాళ్ళ మొహాలు చూడలేకపోయింది.

సాయంత్రం ఆసుపత్రి ముసలి మంత్రసాని విలిమైనా తన ఊరి నుంచి తిరిగొచ్చింది. బల్ల మీద పానా చూసింది.

"ఐసాకె వచ్చాడా? ఏమన్నా తినిపించావా?"

తోకసా ఏదీ దాచలేదు. సంచీ దులిపించడం, నవ్వడం, అన్నీ చెప్పింది. విలిమైనా పానా చేతిలోకి తీసుకుంది.

"లంబాసాలో చక్కెర మిల్లు ఫిట్టరు. రెండు పడవలు మారి ఏటా ఈ నెలలో వస్తాడు. మెడ మార్చేసి వెళ్ళిపోతాడు."

"వచ్చే ఏడు కాళ్ళు పట్టుకుంటాను అత్తా."

"గడప తొక్కొద్దన్నావుగా. మాట పడ్డ చోటికి రాడు."

"ఎవరూ పిలవకుండానే ఇన్నేళ్ళూ ఎందుకొచ్చాడు?"

"ఇరవై రెండేళ్ళ కింద అతని కూతురు ఈ బల్ల మీదే పుట్టింది. ఏడవనే లేదు," అంది విలిమైనా. "అప్పట్లో ఈ కుళాయికి ఏ గొట్టమూ లేదు."