గుడ్డ కింద మొలకలు

"ఆ తట్ట నాకియ్యి పాపా. ఏంటికని అడగొద్దు."

ఓబులమ్మ గడప దాటి లోపలికి రాలేదు. పక్కింటి అశ్విని మూలగదిలో ట్యూబ్‌లైటు కింద ఇనప స్టాండు తుడుస్తోంది. ఆ పిల్ల ఇంట్లోనే, మట్టి లేకుండా కొబ్బరిపొట్టులో గింజలు మొలిపించి, రెండాకులు విప్పుకోగానే అనంతపురం హోటళ్ళకు పంపుతుంది. మైక్రోగ్రీన్స్ అంటుంది. ఓబులమ్మ ఇన్నాళ్ళూ మేకమేత అనేది. ఎప్పుడూ అరలన్నీ పచ్చగా ఉండే స్టాండులో ఈ పొద్దు ఒక్క తట్టే మిగిలింది.

"తక్కినవి యాడికి పోయినాయి?"

"పొద్దున్నే పోయినాయి అవ్వా." అశ్విని తల ఎత్తలేదు. "మేకమేత నీకేంటికి?"

"అడగొద్దంటి గదా."

అడిగితే ఏం చెప్పాలి? ఈ రోజు మొలకల పున్నమి. ఆడవాళ్ళు ఇంట్లో చీకటిమూల గంపలో నవధాన్యాలు చల్లి, వెలుతురు తగలనీయకుండా మొలిపించి, సాయంత్రం ఏటికి మోసుకుపోయి గంగమ్మకు అర్పిస్తారు. మొలక ఎంత ఎత్తో వాన అంత. పొద్దున ఓబులమ్మ గంప మీద మూత తీస్తే పుల్లటి కంపు కొట్టింది. ఒక్క గింజా మొలవలేదు. రెండేళ్ళుగా పంట లేక ఊళ్ళో ఎవరింటా సొంత విత్తనం లేదు. పామిడి అంగట్లో కొన్న గింజలవి.

పోయినేడు కదిరమ్మ గంప ఇట్లాగే కుళ్ళింది. వాన రాలేదు. పాపం ఆమెదేనని నాగలక్ష్మమ్మ నలుగురిలో అనేసింది. అప్పటి నుంచి కదిరమ్మను పేరంటానికి పిలిచిన ఇల్లు లేదు, ఆమె పిలిస్తే పోయిన మనిషీ లేదు. వచ్చే నెలలో ఓబులమ్మ మనవరాలికి సీమంతం.

"ఇవేం గింజలు?"

"పెసలు."

"పెసలూ నవధాన్యాల్లోవే గదా."

అశ్వినికి అర్థమైపోయింది. "అవ్వా, చీకట్లో మొలిచినవి పసుప్పచ్చగా ఉంటాయి. ఇవి లైటు కింద ఆకుపచ్చగా పెరిగినవి. చూస్తానే తెలిసిపోతాది."

"గుడ్డ కప్పుతాలే."

"ఏటికాడ గుడ్డ తియ్యాల గదా?"

ఓబులమ్మ గడప దాటొచ్చి తట్టలో చెయ్యి పెట్టింది. వేర్లు అల్లుకున్న మొలకలు చాపలా లేచొచ్చాయి. చుట్టి కొంగు కింద పెట్టుకుంది. "ఎవురికీ చెప్పగాకు" అని రెండడుగులు వేసి, వెనక్కొచ్చి మళ్ళీ అదే మాట చెప్పి పోయింది.

పెన్నలో నీళ్ళు లేవు. ఇసుకలో తీసిన చెలమ చుట్టూ గంపలు దించారు. ఓబులమ్మ కాలు ఒకచోట నిలవడం లేదు. పొద్దు కుంకితే రంగు తెలీదు. పొద్దు చూస్తే కొండ మీద కూర్చుని కదలనంటోంది.

"ఇంగో పాట పాడండమ్మా" అంది.

ఎవరూ కాదనలేదు. పోయినేడు ముందు నాది చూడు, నాది చూడు అని గుడ్డలు లాగినవాళ్ళు ఈసారి తెలిసిన పాటలన్నీ పాడారు. అయిపోతే నాగలక్ష్మమ్మ పాడిన పాటనే మళ్ళీ ఎత్తుకుంది.

గంప లేక దూరంగా కూర్చున్న కదిరమ్మ ఇసుక దులుపుకుని లేచొచ్చింది.

"ఏమ్మా, గంగమ్మకు నిద్దరొస్తాంది. గుడ్డలు తియ్యరా?"

ఎవరూ కదల్లేదు.

"తీసేదానికి ముహూర్తం చూస్తాండారా ఏమి? ఏం వదినా, నీది చూద్దాం." కదిరమ్మ వంగి ఓబులమ్మ గంప మీది గుడ్డ లాగేసింది.

పచ్చగా ఉన్నాయి. ఎండ పడి ఇంకా పచ్చగా ఉన్నాయి.

ఓబులమ్మ కళ్ళు మూసుకుంది. నాగలక్ష్మమ్మ నోరు ఇప్పుడు లేస్తుంది, ఇప్పుడు లేస్తుంది అని కాచుకుంది. చెలమలో ఊట ఊరే చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు.

కళ్ళు తెరిచేసరికి కదిరమ్మ వరసగా గుడ్డలు తీసుకుంటూ పోతోంది. అంజనమ్మది పచ్చ. ఓబిలేష్ పెండ్లాముది పచ్చ. ఆ పక్కదీ పచ్చే. చివరి గంప దగ్గర ఆమె ఆగింది. నాగలక్ష్మమ్మ గుడ్డను రెండు చేతులా అదిమి పట్టుకుని ఉంది. ఆమె వేళ్ళ సందులోంచి రెండాకుల పెసర మొలక ఒకటి, చిలకపచ్చగా, తల బయటపెట్టి చూస్తోంది.