అవతలి మంచె మీది ఆటగాడు

మొదటి ఆట నేను గెలిచాను. రెండోది అవతలి మంచె గెలిచింది. మూడోది తేలాలి. ఓడినవాళ్ళు వారంపాటు బబూన్ కోతుల నుంచి మొక్కజొన్న చేను కాయాలి, గెలిచినవాళ్ళు తిని పడుకోవాలి. అదీ పందెం.

చేనుకు ఈ చివర మంచె మీద నేను, కిబాలె అడవి వైపు మంచె మీద మా మేనత్త కెంగోంజి. చెరొక ఫోను.

ఫోనులో ఆడే ఈ బురుజుల ఆట ఆమెకు నేర్పిన గురువును నేనే. నాణేలు దాచుకోవాలి, దారి మలుపు తిరిగే చోటే బురుజు కట్టాలి, శత్రువు అలిసిపోయాకే సైన్యాన్ని పంపాలి. కంపాలా కాలేజీలో నా మూడేళ్ళ చదువు సారాంశం ఇదే.

అటువైపు ఇందులో ఒక్కటీ పాటించడం లేదు. వేలు పడిన చోటల్లా బురుజు లేస్తోంది. చూసి జాలిపడ్డాను. నేనింకా నాణేలు దాచుకుంటూ ఉండగానే సైన్యం వచ్చి నా కోటను కూల్చేసింది.

“ఎవరు నేర్పారు అత్తా నీకిది?” అని చేను దాటేలా కేక వేశాను.

“ఏంట్రా అపూలీ ఆ అరుపులు?” జవాబు నా వెనక నుంచి వచ్చింది. అత్త నెత్తిన బీన్స్ గిన్నె ఉంది. “మొదటి ఆట ఓడగానే విసుగొచ్చి వంటకి ఇంటికెళ్ళా. ఫోను మంచె మీదే వదిలేశా.”

ఇద్దరం అటు చూశాం. మంచె మీద పెద్ద మగకోతి. ఒక చేతిలో ఫోను, ఇంకో చేతిలో కంకి.

“మరి పందెం సంగతేంట్రా?” అంది అత్త నవ్వు ఆపుకుంటూ.

పందెం పందెమే. ఈ వారం కాపలా నాదే. గెలిచినవారు మూడో కంకి ముగించి, ఫోను తలకింద పెట్టుకుని పడుకున్నారు.