రెమీ వచ్చే చోటు

మూర్ఛ ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసే పాడు ఉద్యోగం నాది. విన్నిపెగ్ ఆసుపత్రిలో, రాత్రంతా సూది పట్టుకుని డెల్ఫీన్ అనే రోగి మంచం పక్కన కూర్చున్నాను. మూర్ఛ మొదలైన క్షణంలోనే మందు ఎక్కించాలి. మెదడులో రక్తం ఎక్కడికి పరుగెత్తిందో ఆ మందు పట్టిస్తుంది. తర్వాత ఆ చోటునే కోసి తీసేస్తారు.

మూర్ఛకు ముందు ఆమెకు ప్రతిసారీ నదిలో పోయిన కొడుకు రెమీ కనిపిస్తాడు.

“అది తీసేస్తే వాడెక్కడికి పోతాడే పిల్లా?” అంది.

“మీకు నయమవుతుంది కదమ్మా.”

“నయమై ఏం చేసుకోను?”

తెరమీద మెదడు అలలు నిదానంగానే ఉన్నాయి. రక్తప్రవాహం గీత మాత్రం పైకి లేచింది. డెల్ఫీన్ తలుపువైపు చూసి నవ్వి, మంచం మీద పక్కకు జరిగింది.

“రారా నాన్నా. అయ్యో, ఇంకా తడిగానే ఉన్నావా?”

అలలు ఒక్కసారిగా ఎగిశాయి. ఆమె జరిగిన చోట పరుపు మెల్లగా కుంగింది. దుప్పటి మీద తడి పాకింది.

సూది నొక్కడానికి నాకు చేతులు రాలేదు.